లాండుడ్నో వెళ్తున్నారా? టికెట్లు కొనేముందు ఇవి చూసుకోండి

సెలవులకు బ్రిటన్‌లోని నార్త్ వేల్స్, అక్కడి సముద్రతీర ఊరు లాండుడ్నో అనుకుంటున్న మనవాళ్ల కోసం.

ముందు తేదీ చూసుకోండి. గ్రేట్ ఓర్మ్ కొండ ఎక్కే 1902 నాటి ట్రామ్, కంచుయుగపు రాగి గని రెండూ ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు వరకే. చలికాలంలో వెళ్తే అసలైనవే చూడలేరు.

గనిలోకి స్వెటర్, పట్టున్న బూట్లు. బయట ఎండ ఉన్నా లోపల చలి, నేల తడి. దాదాపు 3,500 ఏళ్ల కిందట ఎముకలతో, రాళ్లతో తవ్వారు. కొన్ని సొరంగాల్లో చిన్నపిల్లలే పట్టేది. గోడల మీది ఆకుపచ్చ రాగి చారల దగ్గర కాసేపు ఆగండి. నాకైతే ఊరంతటిలో ఇదే గొప్ప.

కొండ మీదకి కేబుల్ కార్‌నే నమ్ముకోవద్దు. గాలి పెరిగితే ఆపేస్తారు.

రైలైతే లాండుడ్నో జంక్షన్ దగ్గర జాగ్రత్త. ఊరి స్టేషన్ వేరే, అక్కడికి చేరాలంటే చాలాసార్లు జంక్షన్‌లో రైలు మారాలి.

కారైతే కొండ చుట్టూ తిరిగే మెరైన్ డ్రైవ్ రోడ్డుకి టోల్ ఉంది, పైగా వన్‌వే. వ్యూ దాటిపోతే వెనక్కి రాలేరు.

కొండ మీది కాశ్మీరీ మేకలకు తిండి పెట్టకండి, అవి పెంపుడువి కావు.

సముద్రంలోకి కట్టిన 1877 నాటి పియర్ (నడక వంతెన) మీదకి సాయంత్రం జాకెట్ తీసుకెళ్లండి, చివర్లో గాలి కోసేస్తుంది.