లేజర్ కోతకు ఇచ్చే ముందు అట్ట ముక్క కత్తిరించి చూడండి

జొన్నరొట్టెల యంత్రానికి మొదటిసారి హైదరాబాదు బాలానగర్‌లో లేజర్‌తో రేకు నుంచి నలభై బ్రాకెట్లు (బిగింపు పలకలు) కోయించాను. ఒక్కదానిలోనూ బోల్టు దూరలేదు. తప్పు నాదే: ఎం6, అంటే 6 మిల్లీమీటర్ల వ్యాసమున్న బోల్టుకు సరిగ్గా 6 మిల్లీమీటర్ల రంధ్రం గీశాను. 6.6 ఉండాలి.

అప్పటినుంచి డ్రాయింగును అసలు కొలతలోనే ముద్రించి, అట్టకు అంటించి, కత్తిరించి, యంత్రం మీద పెట్టి చూస్తాను. ఆ తర్వాతే లేజర్ యంత్రానికి గీతలు అందించే డీఎక్స్‌ఎఫ్ ఫైలు పంపుతాను. అందులో గీత మీద గీత ఉంటే లేజర్ అదే దారిలో రెండుసార్లు నడుస్తుంది. కోత ఖర్చూ పెరుగుతుంది.

‘స్టీలు’ అని రాసి ఊరుకోకండి. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక రకం), మందం 2 మిల్లీమీటర్లు అని రాయండి. మైల్డ్ స్టీలుకు (మామూలు ఇనుప రేకుకు) రంగు వేయించే ఉద్దేశం ఉంటే కోతలో ఊదే గ్యాసుగా నైట్రోజన్ వాడి కోయమనండి. ఆక్సిజన్‌తో కోస్తే అంచున ఆక్సైడు పొర మిగులుతుంది. దాన్ని గీకకపోతే రంగు ఆ పొరతో సహా పెచ్చులూడుతుంది.

పేరు పలకైతే ఇంకో చిక్కు. సున్నాను కోయగానే లోపలి బిళ్ల రాలిపోతుంది, చిల్లు మిగులుతుంది. బిళ్లను పలకకు పట్టి ఉంచేలా రెండు సన్నని వంతెనలు కోయకుండా ఉంచాలి.

ధరలో వంపులు, అంచుల నునుపు, జీఎస్‌టీ కలిశాయో లేదో ముందే అడగండి. జీడిమెట్ల, చర్లపల్లిలోనూ విచారించండి. మొదట రెండు ముక్కలు చాలు. నేనైతే జేబులో బోల్టు వేసుకుని వెళ్లి, అక్కడే దూర్చి చూశాకే మిగతా ముప్పై ఎనిమిదీ కోయమంటాను.