కొట్టు కట్టేశాక పిల్లలతో ఇరవై నిమిషాలు

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా. బట్టల కొట్టు మీద బతుకు కాబట్టి నేను ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. నాలా టైం చాలని తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే. పిల్లలకు తమ మీద తమకు నమ్మకం కుదరాలంటే గంటలు గంటలు అక్కర్లేదు. రోజూ కాసేపు వాళ్ల మాట చెల్లాలి, ఇంట్లో ఏదో ఒక పని వాళ్ల వల్ల జరగాలి.

ముందు టైం ఖాయం చేసుకోండి. భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు అనుకుంటే అదే. ఫోన్ బీరువా మీద పెట్టేయండి, జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదు. ఇద్దరు పిల్లలైతే చెరో పది నిమిషాలు విడిగా ఇవ్వండి.

ఆ కాసేపు ఏం చెయ్యాలో పిల్లలే చెప్పాలి. మా చిన్నదానికి ఎప్పుడూ కొట్టు ఆటే. తను షావుకారు, నేను బేరానికి వచ్చినవాణ్ణి. దుప్పటి మడత విప్పి, చేత్తో కొలిచి, "మీటరు నలభై, బేరం లేదు" అంటుంది. దుప్పట్లు మీటర్ల లెక్కన అమ్మరమ్మా అని నోటిదాకా వస్తుంది. అనకూడదు. ఎక్కాలు అడగకూడదు, హోంవర్క్ ఊసెత్తకూడదు. అన్నిటికన్నా కష్టం ఇదే, అసలు కిటుకూ ఇదే. పొద్దున్న లేచింది మొదలు పిల్లలు మనం చెప్పిందే చేస్తారు. నాన్న తన మాట ప్రకారం నడుస్తున్నాడని తెలిస్తే ఆ పిల్ల కూర్చునే తీరే మారిపోతుంది.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి. "తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లలు, కష్టమైన పజిల్ తప్పగానే తొందరగా నీరుగారిపోయారు. "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లు పట్టు వదల్లేదు. అందుకే, "మూడుసార్లు చెరిపి మళ్లీ వేశావు, ఇప్పుడు తొండం కుదిరింది" అనండి. చూసిందే చెప్పండి, చాలు.

తిట్టాల్సివస్తే పనినే తిట్టండి. "నీళ్లు ఒలికాయి, గుడ్డ తెచ్చి తుడువు" అంటే సరిపోతుంది. "నీకేదీ చేతకాదు" అనే మాట ఇంట్లో వినపడకూడదు. పక్కింటి పిల్లతో పోలిక అసలే వద్దు.

ఇక పని. ఉత్తుత్తి పని కాదు, నిజంగా అవసరమైనది. మా అమ్మకు ఒడియా చదవడం రాదు, మా పెద్దాడికి వచ్చు. మామ్మను బరంపురం బస్సు ఎక్కించే బాధ్యత వాడిది. నేను పక్కనే ఉంటాను కానీ నోరు మెదపను. బోర్డు కూడబలుక్కుని, "మామ్మా, ఇది గుణుపురం పోతుంది, మనది కాదు" అని చెయ్యి పట్టి ఆపుతాడు. ఆవిడ ఆగుతుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పని ఒకటి ఉంటుంది, వెతకండి.

మన సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఇంకో బాధ ఉంది. బడిలో వాళ్ల ఒడియాకి తెలుగు యాస అంటారు. టెక్కలిలో చుట్టాలింటికి వెళ్తే తెలుగులో ఒడియా మాటలేంటని నవ్వుతారు. అప్పుడు మీరు ఊరుకోవద్దు. పిల్లల ముందే, "మావాడికి రెండు భాషలూ వచ్చు" అని గట్టిగా చెప్పండి. నేను గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి కూడా చెప్తుంటాను. ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. చదువుకున్న పెద్దమనిషి, సవర గిరిజనుల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. అది విన్నాక మావాడు బడిలో ఓ సవర అబ్బాయిని మాటలు అడగడం మొదలుపెట్టాడు.

పెళ్లిళ్ల సీజన్‌లో మాకు రాత్రి పదకొండవుతుంది. అలాంటప్పుడు రేపు ఉండదని ముందురోజే చెప్పేయండి, ఆశపెట్టి ఎగ్గొట్టొద్దు. దానికి బదులు పొద్దున బండి తీయకుండా బడిదాకా నడిపించుకుని వెళ్లండి. ఏ వీధిన వెళ్లాలో వాళ్లనే చెప్పనివ్వండి, చుట్టుదారైనా సరే.