కాఫీ కొండల స్పానిష్ - 5వ పాఠం: ఉస్తేద్ అంటే ‘మీరు’ అని చెప్పడం నా పొరపాటు

ఈసారి జీపెక్కి కొకోరా లోయకి వెళ్దామని పోయిన పాఠం చివర మాటిచ్చాను. ఆ జీపు ఇంకో వారం ఆగాలి. నాలుగో పాఠంలో ఉస్తేద్ అంటే ‘మీరు’, తూ అంటే ‘నువ్వు’ అని రెండు లైన్లలో తేల్చేశాను. దాన్నే నమ్ముకుని కొలంబియాలో సలెంతో ఊరికి వెళ్లొచ్చినవాళ్లు రాసింది చదివాక, ముందు అది సరిదిద్దకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదనిపించింది.

ఒక జంట ఆ ఊరి బయట కాఫీ తోటలో నాలుగు రోజులున్నారు. ఇంటావిడ పొద్దున్నే అరేపాలు (మొక్కజొన్న రొట్టెలు) కాల్చి పెట్టింది, తోటంతా తిప్పి చూపించింది, బయల్దేరేటప్పుడు గట్టిగా కావలించుకుంది. కానీ చివరిదాకా ఉస్తేద్ అనే పిలిచింది. ‘నాలుగు రోజులున్నా మమ్మల్ని పరాయివాళ్లలాగే చూసిందా, మావల్ల ఏమన్నా తప్పు జరిగిందా’ అని వాళ్ల బాధ. ఏ తప్పూ జరగలేదు. ఆ ప్రాంతంలో మొగుడూ పెళ్లాం ఒకరినొకరు ఉస్తేద్ అనుకోవడం, తల్లి కొడుకుని ఉస్తేద్ అనడం మామూలు. నేను బస చేసిన ఇంట్లో పెద్దావిడ కుక్కని కూడా ‘వేంగా, మిహో, వేంగా’ అని పిలిచేది. మిహో అంటే మనం ‘నాన్నా, కన్నా’ అంటామే, ఆ పిలుపు. వేంగా అన్నది ఉస్తేద్‌తో వచ్చే ‘రండి’.

కాబట్టి కిందియో, కాల్దాస్, రిసరాల్దా జిల్లాల్లో ఉస్తేద్ విన్నంత మాత్రాన దూరం పెట్టారనుకోకండి. కొత్తవాళ్లకీ అదే, కడుపున పుట్టినవాళ్లకీ అదే. స్నేహితుల మధ్య ‘నువ్వు’కి వోస్ అనే ఇంకో మాట కూడా వినిపిస్తుంది. అది విని అర్థం చేసుకుంటే చాలు, వాడక్కర్లేదు. తూ కూడా అక్కడక్కడా వినపడుతుంది. ఈ ఊళ్లకి వెళ్లేవాళ్లకి నా సలహా ఒక్కటే: తూ సంగతి పూర్తిగా పక్కన పెట్టి, పసిపిల్లాడి దగ్గర్నుంచి తాతగారి దాకా అందరినీ ఉస్తేద్ అనండి. స్పెయిన్ స్పానిష్ నేర్పే పుస్తకాలు దీన్ని ఒప్పుకోవు, ఎందుకంటే అక్కడ ఉస్తేద్ వాడకం చాలా తక్కువ. మనం వెళ్లేది ఆండీస్ కొండలకి.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఉస్తేద్ పుట్టింది ‘వుయెస్త్రా మెర్సెద్’ అనే పాత మర్యాద మాట నుంచి, అంటే ‘తమరి దయ’. ఎదుటి మనిషిని నేరుగా కాకుండా ఆయన దయని పలకరించడం అన్నమాట. అందుకే క్రియ ‘అతను, ఆమె’కి వచ్చేదే దీనికీ వస్తుంది. ఎల్ వియేనె - అతను వస్తాడు, ఉస్తేద్ వియేనె - మీరు వస్తారు. ఇది మనకి కొత్తేం కాదు, ‘మీరు వస్తారు, వారు వస్తారు’ రెంటికీ మనకి ఒకటే క్రియ. మూడో పాఠంలో అతనికి నేర్చుకున్న తియేనె (ఉంది), సాబె (తెలుసు), వా (వెళ్తాడు), సాలె (బయల్దేరతాడు) అన్నీ యథాతథంగా ఉస్తేద్‌కి పనికొస్తాయి, కొత్తగా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. (కొలంబియాలోనే బోయకా వైపు వెళ్తే సుమెర్సే అని వినపడుతుంది. అదీ ఈ ‘దయ’ కుటుంబమే.)

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. మీరు పంపిన రికార్డింగుల్లో సగానికి పైగా ‘టింటో’ అన్నారు. పాలు లేని కాఫీకి అక్కడి పేరు టింటో కాదు, తింతో! ఇంగ్లీషులో టీ అక్షరం కనపడగానే ‘ట’ అనడం మనకి బళ్లో పడిన అలవాటు. స్పానిష్‌లో ఆ అక్షరం నాలుక కొస పైపళ్లకి తగిలి పలుకుతుంది, అచ్చంగా మన ‘త’. డీ అక్షరం మన ‘ద’కి దగ్గర, అచ్చుల మధ్యకి వస్తే ఇంకా మెత్తబడుతుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లు ఈ ‘త’ కోసం నెలలు తంటాలు పడతారు. మనకి అది పుట్టుకతోనే నోట్లో ఉంది, దాన్ని పక్కన పెట్టి ఇంగ్లీషు దారిలో చుట్టు తిరిగి రావడం ఎందుకు? సలెంటో కాదు సలెంతో. కిండియో కాదు కిందియో. బ్వేనాస్ టార్డెస్ కాదు బ్వేనాస్ తార్దెస్. డోస్ కాదు దోస్. ఊళ్లో ప్రతి హోటల్లో దొరికే చేప ట్రూచా కాదు త్రూచా, దాని పక్కన పెట్టే అరటికాయ అప్పడంలాంటిది పటకోన్ కాదు పతకోన్. అలాగే పనేలా (బెల్లం) అనేటప్పుడు ‘ప’ని ఊపిరి వదలకుండా మన ‘పప్పు’లోలా అనండి. అందుకే మొదటి పాఠం నుంచీ నోట్సు తెలుగు లిపిలో రాసుకోమంటున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవాళ్లే ఈ ‘టింటో’ వాళ్లు.

‘ర’ గురించి ఒక్క ముక్క. పెరో అంటే ‘కానీ’, పెర్రో అంటే కుక్క. రెండోది మన ‘కర్ర’లో పలికినట్టు పలకాలి. చిక్కెక్కడంటే, మాట మొదట్లో వచ్చే ‘ర’ కూడా ఈ గట్టి ‘ర్ర’నే. తెలుగులో మాట మొదట్లో ‘ర్ర’ రాదు కాబట్టి కొంచెం సాధన కావాలి. ఇవాళ్టి అసలు మాటకి అదే అవసరం.

ఆ మాట రెగాలా. రెగలార్ అంటే కానుకగా ఇవ్వడం. కొలంబియాలో కాఫీ అడిగే పద్ధతి ఇది: ‘మే రెగాలా ఉన్ తింతో, పొర్ ఫవోర్?’ ఊరికే ఇమ్మని అడుక్కుంటున్నట్టుందని సిగ్గుపడి ‘కియేరో’ అన్నామని కొందరు రాశారు. కియేరో అంటే ‘నాకు కావాలి’, కౌంటర్ దగ్గర కాస్త మొరటుగా ఉంటుంది. మనం హోటల్లో ‘ఓ కాఫీ ఇప్పించండి’ అంటాం కదా, ఎవరి చేతా ఇప్పించేది లేదు, అది మర్యాద అంతే. రెగాలా కూడా అంతే, తాగాక డబ్బులు ఇస్తారు. లా క్వేంతా అంటే బిల్లు, మే రెగాలా లా క్వేంతా. సంతకం కావాలంటే మే రెగాలా ఉనా ఫిర్మా. ఇలా దేనికైనా వాడొచ్చు.

తింతో అంటే చిన్న కప్పులో ఇచ్చే పాలు లేని కాఫీ. స్పెయిన్‌లో అదే మాటకి రెడ్ వైన్ వస్తుంది, జాగ్రత్త. పాలు కావాలంటే కఫే కోన్ లేచె అనండి. పెరీకో అన్నా పాలు కలిపిన చిన్న కాఫీ వస్తుంది, కానీ టిఫిన్ వేళ అదే మాట టమాటా, ఉల్లిపాయ వేసి గిలక్కొట్టిన గుడ్లకి కూడా వాడతారు, అందుకే నేను దాని జోలికి పోను. మంచి గింజలు ఎక్కువగా ఎగుమతికి పోవడం వల్ల ఊళ్లో తింతో చాలాచోట్ల పల్చగా, తియ్యగా ఉంటుంది. నిరాశ పడకండి, తోటలో అడిగి తాగండి. కొన్ని తోటల్లో తింతోని అగ్వాపనేలాతో కాస్తారు. పనేలా అంటే చెరకు బెల్లం, అగ్వాపనేలా అంటే ఆ బెల్లం కరిగించిన నీళ్లు. మిరియాలు, యాలకులు లేని వేడి పానకం అనుకోండి. మొదటి గుక్కలోనే ఇల్లు గుర్తొస్తుంది.

అరకు తోటలు చూసినవాళ్లకి ఒక ప్రశ్న ఇస్తున్నాను, తోట యజమానిని అడగండి: ‘క్వాందో ఎస్ లా కొసేచా?’ కోత ఎప్పుడు అని. అరకులో ఏడాదికి ఒకటే కోత, చలికాలంలో. అక్కడ భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి వానలు రెండుసార్లు, పూత రెండుసార్లు. ఏడాది చివర్లో పెద్ద కోత, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మితాకా అనే చిన్న కోత. మితాకా అనే మాట మీ నోట వింటే వాళ్లు కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడతారు.

సలెంతోలో కాయె రెయాల్ వీధిలో నడుస్తుంటే ప్రతి కొట్టు నుంచీ ‘ఆ లా ఓర్దెన్’ అని వినపడుతుంది, ఏం కావాలో చెప్పండి అని. మౌనంగా దాటిపోకండి. ‘గ్రాసియాస్, ఎస్తోయ్ మిరాందో’ అనండి, ఊరికే చూస్తున్నానని. మీకెవరైనా గ్రాసియాస్ (థాంక్స్) చెబితే ‘కోన్ మూచో గుస్తో’ అనండి, సంతోషంగా చేశానని. పలకరింపులు రెండో పాఠంలో అయిపోయాయి, మళ్లీ చెప్పను.

సాధన ఈసారి బరువుగానే ఇస్తున్నాను. మూడో పాఠంలో తూ పెట్టి రాసిన ముప్పై వాక్యాలనీ ఉస్తేద్‌లోకి మార్చి, చేత్తో, తెలుగు లిపిలో రాయండి. ఎక్కడైనా ట గానీ డ గానీ రాసి ఉంటే ఆ వాక్యం మొత్తం మళ్లీ రాయండి. ఆదివారం పొద్దుట్నించి రాత్రి దాకా ఇంట్లో ఏం కావాలన్నా ‘మే రెగాలా’తోనే అడగండి, ఉప్పు, నీళ్లు, రిమోట్, ఏదైనా సరే. స్పానిష్ పేరు తెలియకపోతే ఆ వస్తువు తెలుగు పేరే పెట్టేయండి. సోమవారం ఒక తింతో అడిగి, తాగి, బిల్లు కట్టి, తోటాయనతో కోత గురించి రెండు మాటలు మాట్లాడి బయటికొచ్చేదాకా జరిగే సంభాషణ మొత్తం, రెండు గొంతులూ మీరే అయి, కాగితం చూడకుండా రికార్డు చేయండి. అది కుదిరినవాళ్లు ‘ఆ కె ఓరా సాలె ఎల్ ప్రోక్సిమో?’ (తర్వాతది ఎన్నింటికి బయల్దేరుతుంది?) కంఠతా పట్టి ఉంచండి. వచ్చే వారం సలెంతోలోని బొలీవార్ చౌరస్తాలో విలిస్ జీపు దగ్గర నిలబడి అడగబోయేది అదే.