నెల్లూరు గ్రౌండ్‌లో రిలీఫ్ పిచర్: ముందు దిబ్బ, తర్వాతే చెయ్యి

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరేవాడు పిచర్. రిలీఫ్ పిచర్ ఆట మధ్యలో దిగి, ఒక ఇన్నింగ్స్ చూసుకుని పోయే మనిషి. ఆట మొదలుపెట్టే స్టార్టర్‌కు మూడు నాలుగు రకాల బంతులు కావాలి, ఇతనికి రెండు చాలు. పేరుమోసిన రిలీఫ్ పిచర్ మరియానో రివెరా ఎక్కువగా కట్టర్ (చివర్లో కాస్త పక్కకు తిరిగే వేగబంతి) అనే ఒకే బంతిని నమ్ముకుని 652 సేవ్‌లు (చివర్లో దిగి జట్టు ఆధిక్యాన్ని నిలబెట్టడం) సాధించాడు. ఇతనికి కావలసింది వేరు: పిలిచిన పది నిమిషాల్లో చెయ్యి వేడెక్కాలి, పదిహేను ఇరవై బంతులు పూర్తి బలంతో వేయాలి, రేపు మళ్లీ పిలిస్తే లేవాలి.

కుర్రాణ్ని ఎంచుకునేటప్పుడు చాలామంది ఫాస్ట్ బౌలర్ వైపు చూస్తారు. అతను మోచెయ్యి చాచి వేయడానికి అలవాటు పడ్డాడు, ఇక్కడ అది మడవాలి. బౌండరీ దగ్గర్నుంచి కీపర్ చేతుల్లోకి నేరుగా విసిరే ఫీల్డరే నయం. బల్లెం విసిరేవాళ్లూ పనికొస్తారు. 2008లో అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకున్న రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్ జావెలిన్ నుంచి వచ్చినవాళ్లే.

ఇక దిబ్బ, అంటే పిచర్ నిలబడి విసిరే మట్టి ఎత్తు, మౌండ్. చదును నేల మీద ఎన్నాళ్లు వేసినా మౌండ్ ఎక్కగానే బంతి ఎత్తుగా పోతుంది, పాదం అనుకున్న దానికన్నా కిందికి దిగుతుంది కాబట్టి. గుండ్రంగా 18 అడుగుల మౌండ్ అక్కర్లేదు. 5 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు చాలు. వెనక రెండున్నర అడుగులు చదునుగా ఉంచి, అందులో 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గల చెక్క పలక బిగించండి. ఇదే రబ్బర్. ఎత్తు 10 అంగుళాలు. పలక ముందు అరడుగు చదును వదిలి, అక్కణ్నుంచి అడుగుకు అంగుళం చొప్పున పది అడుగులు వాలు. వాలును కంటితో నమ్మొద్దు, మేస్త్రి దగ్గర మట్టం చూసే నీళ్ల పైపు అడిగి తెచ్చుకోండి. పలక ముందంచు నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలలో ఉండే ఐదుమూలల పలక) వెనక మొన దాకా 60 అడుగుల 6 అంగుళాలు.

పెన్నా ఇసుక కలిసిన నేల బూట్ల కింద జారిపోతుంది. ఒంగోలు వైపు నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి పలకనే కదిలిస్తుంది. అడుగున ఎర్రగ్రావెల్, పైన నాలుగంగుళాలు పుట్టమన్ను లేదా బంకమన్ను వేయండి. ఒక్కసారిగా పోయొద్దు. అంగుళం మట్టి, కొంచెం తడి, దిమ్మిస, మళ్లీ అంగుళం. పాదం పడే చోట రోజూ గుంట పడుతుంది. అందులోని పొడిమట్టి ఊడ్చేసి, తడిపి, అప్పుడు కొత్త బంకమన్ను కూరండి. పొడి మీద వేస్తే మర్నాడే పెళ్లగా లేస్తుంది.

ఆ గుంటే మంచి కోచ్. పలక మధ్య నుంచి హోమ్ ప్లేట్‌కు సుద్దగీత గీయండి. కుడిచేతి పిచర్ ఎడమ పాదం గీత మీదో, రెండు మూడంగుళాల తేడాలోనో పడాలి. బాగా కుడికి పడితే ఒంటికి అడ్డంగా విసురుతున్నట్టు. బాగా ఎడమకు పడితే నడుము ముందే తిరిగి, చెయ్యి వెనకబడి, బంతి పైకి లేస్తుంది. పది బంతులకు పది గుర్తులు పడ్డాయంటే వేగం సంగతి పక్కనపెట్టి అడుగు సరిచేయండి.

మొదటి బంతి ఫోర్‌సీమ్, నేరుగా పోయే వేగబంతి: గుర్రపునాడా ఆకారంలో ఉన్న కుట్టు మీద చూపుడు, నడిమి వేళ్లు అడ్డంగా, కింద బొటనవేలు, బంతికీ అరచేతికీ మధ్య సందు. రెండోది ఛేంజప్, అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చే బంతి. పక్కకు వంగే స్లైడర్‌కు తొందర వద్దు. మన ఉక్కపోతలో బంతి జారుతుంది. నిబంధనలు ఒప్పుకునేది రోజిన్ (పట్టు కోసం రాసుకునే జిగురు పొడి) సంచి ఒక్కటే.

వారానికి రెండుసార్లు పిలుపు సాధన చేయించండి. కూర్చున్నవాణ్ని చెప్పాపెట్టకుండా లేపి, తేలిక పరుగు, 15–20 బంతులు, ఆపై దిబ్బ మీద ఎనిమిది, వెంటనే బ్యాటర్. బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టండి: అమెరికా పైస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 18. 2020 నుంచి అక్కడ రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగించాలి. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసమే తయారయ్యేవాడికి ఇప్పుడు బతుకు కష్టం.

లెక్క రాయడంలోనే అందరూ తప్పుతారు. 15–18 ఏళ్లవాళ్లకు అమెరికాలోని పిచ్ స్మార్ట్ పద్ధతి ప్రకారం 30 బంతుల లోపైతే విశ్రాంతి రోజు తప్పనిసరి కాదు, 31–45కు ఒక రోజు, 46–60కి రెండు రోజులు. వేడెక్కి, ఆటలోకి దిగకుండానే కూర్చున్న రోజును ఎవరూ రాయరు, చెయ్యి మాత్రం లెక్కేసుకుంటుంది. దాన్నీ పుస్తకంలో ఎక్కించండి. ఏటా రెండు మూడు నెలలు వరసగా విసరడం మానాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో గ్రౌండ్ ఎలాగూ తడిసే ఉంటుంది, అప్పుడే ఆపండి. మోచేతి లోపలి వైపు నొప్పి వస్తే ఆ రోజే ఆపాలి. అక్కడి లిగమెంట్ తెగితే దాన్ని మళ్లీ కట్టే టామీ జాన్ ఆపరేషన్, ఆపై ఏడాది పైనే ఖాళీ.

దారి ఇలా ఉంటుంది: స్కూల్ గేమ్స్, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, జాతీయ పోటీలు. మేజర్ లీగ్ క్లబ్‌లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలవాళ్లకే. మనవాడితో క్లబ్ నేరుగా ఒప్పందం చేసుకోవాలి, ఆపై అడుగున ఉండే రూకీ లీగ్ నుంచి మేజర్ లీగ్‌కు కింది మెట్టు ట్రిపుల్ ఏ దాకా మెట్లు. రింకూ, దినేశ్ ఇద్దరూ మేజర్ లీగ్ చేరలేదు. ఆటగాళ్లను వెతికే స్కౌట్‌కు వీడియో పంపేటప్పుడు ఒకటి పక్కనుంచి, ఒకటి వెనకనుంచి తీయండి, వరసగా ఇరవై బంతులు, మధ్యలో కత్తిరించకుండా.