పాత పటాల్లో అండమాన్ – 5వ పాఠం: రెండు పోర్ట్ కార్న్‌వాలిస్‌లు

ఈ వారం సముద్రం లోతుల అంకెలు చదవడం చెబుదామనుకున్నాను. నాలుగో పాఠానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టాను.

నేనడిగింది ఒక్కటే: ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ గీసిన 1790 నాటి పటంలోని పోర్ట్ కార్న్‌వాలిస్ ఇప్పుడెక్కడుంది? దాదాపు అందరూ ఫోన్ తీసి, పేరు కొట్టి, ఉత్తర అండమాన్ తూర్పు తీరం మీద చుక్క పెట్టి పంపేశారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "మాస్టారూ, బ్లెయిర్ పటమే తప్పండి, అక్షాంశం కలవట్లేదు" అని తేల్చేశారు. పెరంబూర్ నుంచి రాసే అమ్మాయి ఒక్కతే పటాన్ని ఫొటో తీసి, పోర్ట్ బ్లెయిర్‌లో ఉండే మేనమామకి పంపిందట. "ఇది మా రేవేనే, ఆ బుల్లి దీవి చాథమ్" అన్నారట ఆయన. మేనమామగారికి నూటికి నూరు.

జరిగింది ఇది. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో దక్షిణ అండమాన్‌లోని చాథమ్ దీవి మీద వలస స్థావరం పెట్టి, ఆ రేవుని పోర్ట్ కార్న్‌వాలిస్ అన్నాడు. 1792లో వలసని ఉత్తర అండమాన్‌కి మార్చారు. మనుషులు, సామాను, వాటితో పాటు పేరూ వెళ్లింది. పాత చోటు ఓల్డ్ హార్బర్ అయింది. కొత్త చోట జబ్బులు పీడించడంతో 1796లో దాన్నీ వదిలేశారు. 1858లో ఖైదీల వలస కోసం దక్షిణాది రేవుకే తిరిగొచ్చి, దానికి బ్లెయిర్ పేరు పెట్టారు. 2024 నుంచి అది శ్రీ విజయ పురం.

ఈ రెండు చోట్లూ ఎంత దూరమో లెక్క కట్టండి. దక్షిణానిది సుమారు 11°41′, ఉత్తరానిది సుమారు 13°17′. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి తేడా 96 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. మొత్తం 178 కిలోమీటర్ల దాకా వస్తుంది. మన చెన్నై నుంచి నెల్లూరంత! నెల్లూరు వెళ్లాల్సినవాణ్ణి సెంట్రల్‌లోనే దింపేసి "ఇదే నెల్లూరు" అన్నట్టుంది మీ జవాబు.

ఇది మన చెన్నైవాళ్లకి తెలియని వింతేం కాదు. "ఆంధ్రా బస్సులెక్కే బస్టాండు దగ్గరే ఇల్లు" అని మీ బాబాయి 2010లో రాసి ఉంటే అది కోయంబేడు. అదే మాట 2020లో రాస్తే మాధవరం. ముందు సంవత్సరం చూడకుండా ఆటో ఎక్కేస్తామా?

రాస్ దీవితోనూ ఇదే గొడవ. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఒకటుంది, 2018లో దానికి నేతాజీ పేరు పెట్టారు. దిగ్లీపూర్ దగ్గర స్మిత్ దీవిని ఆనుకుని ఇంకో రాస్ ఉంది. 1824లో బర్మా యుద్ధానికి వెళ్తూ కలకత్తా, మద్రాసు ఓడలు కలుసుకున్న పోర్ట్ కార్న్‌వాలిస్ ఏది? 1792 తర్వాత కాబట్టి ఉత్తరానిదే. ఇది మాత్రం ఫోన్‌లో కొట్టినా సరిగ్గానే వస్తుంది. వచ్చింది కదా అని ఆ పద్ధతిని నమ్మకండి.

ఇంకో మెలిక. పటంలో పోర్ట్ బ్లెయిర్ అని ఉంటే అది 1858కి ముందుది కాదు, ఇంతవరకు ధీమాగా చెప్పొచ్చు. ఓల్డ్ హార్బర్ అని ఉంటే 1858కి ముందుదే అనగలమా? అనలేం. పటాలు అచ్చువేసేవాళ్లు పటం చెక్కిన పాత రాగి రేకుల్నే ఏళ్ల తరబడి వాడుకునేవాళ్లు. 1996లో ఊరు చెన్నై అయినా హైకోర్టు ఇంకా మద్రాస్ హైకోర్టే, మనకి అన్నా శాలై ఇంకా మౌంట్ రోడ్డే. కొత్త పేరు కనిపిస్తే అంతకు ముందుది కాదని తెలుస్తుంది. పాత పేరు మాత్రం ఏ గడువూ చెప్పదు.

తీరం గీత కలవకపోయినా వెంటనే బ్లెయిర్ మీద పడకండి. 2004 డిసెంబర్ 26 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ వైపు నేల మీటరు దాకా కుంగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పైకి లేచి, పగడపు దిబ్బలు బయటపడ్డాయి.

కంప్యూటర్లో పటం మీద పటం అతికించే సాఫ్ట్‌వేర్ గురించి చాలామంది అడిగారు. వాడుకోండి, కాదనను. నేను మాత్రం చెన్నై ప్యారీస్ కార్నర్‌లో కొన్న బటర్ పేపర్, మెత్తటి పెన్సిల్‌తోనే గీస్తాను. చేత్తో గీసినప్పుడే, ఈ వంపు అక్కడెందుకు లేదన్న అనుమానం వస్తుంది. సాఫ్ట్‌వేర్ పటాన్ని సాగదీసి ఆ అనుమానాన్ని మింగేస్తుంది.

లోతుల గురించి ఒక్క ముక్క. ఆ అంకెలు ఎక్కువగా ఫాదమ్‌లలో ఉంటాయి. మన బారే అది, రెండు చేతులూ బారచాపినంత: 6 అడుగులు, 1.83 మీటర్లు. మిగతాది ఆరో పాఠంలో.

ఇక అభ్యాసం. అండమాన్ పాత పటాలు మూడు సంపాదించండి. పేరు, సంవత్సరం అచ్చయిన మూలని ఇంట్లో ఎవరిచేతనైనా కాగితంతో మూయించండి. లోపలున్న ఊళ్ల పేర్లను బట్టి ఒక్కోటీ ఏ ఏడుకి ముందుది కాదో తేల్చండి. తర్వాత రెండు రేవుల తీరాలూ బటర్ పేపర్ మీద ఒకే స్కేలులో గీయండి. ఒక ఆదివారం పోతుంది, పోనీయండి. జవాబులో ముందు అక్షాంశం, తర్వాత సంవత్సరం, ఆఖర్న పేరు రాయాలి. పేరుతో మొదలుపెట్టిన జవాబు ఈసారి నేను చదవను.