హాట్ వైర్ కాలిబ్రేషన్: కొలతకు ముందు, కొలత తర్వాత

విండ్ టన్నెల్‌లో నేను తీసుకున్న మొదటి వారం డేటా అంతా పారేయాల్సి వచ్చింది. పొద్దున సెకనుకు 10 మీటర్లు చూపించిన హాట్ వైర్ (కరెంటుతో వేడిచేసి గాలి వేగం కొలిచే సన్నటి తీగ), ఫ్యాన్ వేగం మార్చకపోయినా సాయంత్రానికి 9.4 చూపించింది. ఎక్కడో లీకుందనుకుని రెండు రోజులు వెతికాను. తీరా చూస్తే టన్నెల్‌లో గాలి 3 డిగ్రీలు వేడెక్కింది. గాలికి వైర్ ఎంత వేడి కోల్పోతోందో చూసే కదా వేగం లెక్కగడతాం! గాలి వేడెక్కితే వైర్ తక్కువ చూపిస్తుంది, డిగ్రీకి సుమారు 2 శాతం.

ముందు వైర్ గురించి. మందం 5 మైక్రాన్లు, పొడవు మిల్లీమీటరు పైచిలుకు. వెలుగుకి అడ్డంగా పెట్టి చూస్తే రెండు సూదుల మధ్య సాలెపోగులా మెరుస్తుంది, లేకపోతే కనిపించదు. ప్రోబ్ (వైర్, దాన్ని పట్టుకునే సూదులు ఉన్న భాగం) బిగించేటప్పుడు, తీసేటప్పుడు ఎనిమోమీటర్, అంటే వైర్‌ని వేడిచేసి నడిపే పరికరం, స్టాండ్‌బైలోనే ఉండాలి. టంగ్‌స్టన్ వైర్‌కి నేను ఓవర్‌హీట్ రేషియో (వేడి వైర్ నిరోధానికి, చల్లటి వైర్ నిరోధానికి నిష్పత్తి) 1.8 పెడతాను. అంటే వైర్ దాదాపు 250 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఇక కాలిబ్రేషన్, అంటే తెలిసిన వేగాల దగ్గర వైర్ ఎంత వోల్టేజ్ ఇస్తుందో రాసుకోవడం. ఫ్యాన్ ఆపి, పిటాట్ ట్యూబ్‌కి (గాలి పీడనం నుంచి అసలు వేగం తెలిపే గొట్టం) కలిపిన మానోమీటర్‌ని, అంటే పీడనం కొలిచే పరికరాన్ని, జీరో చేయండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 10 మీటర్ల వేగంలో పీడనం 60 పాస్కల్స్ ఉంటుంది, 2 మీటర్ల దగ్గర 2.4 మాత్రమే. జీరో అర పాస్కల్ తప్పినా కింది పాయింట్లు చెడతాయి. మీరు కొలవబోయే వేగాలన్నీ వచ్చేలా పన్నెండు పాయింట్లన్నా తీసుకోండి. వోల్టేజ్-వేగం వక్రానికి తక్కువ వేగాల దగ్గర వంపు ఎక్కువ కాబట్టి అక్కడ దగ్గరదగ్గరగా తీసుకోండి. ప్రతి పాయింట్ దగ్గరా వోల్టేజ్‌తో పాటు గాలి ఉష్ణోగ్రత కూడా రాయండి. ఆ ఒక్క కాలమ్ లేకే నా వారం పోయింది.

శాస్త్రవేత్త కింగ్ 1914లో ఇచ్చిన సూత్రం ప్రకారం, వోల్టేజ్ వర్గం = A + B × (వేగం)ⁿ అని ఫిట్ చేయండి. ఘాతం n 0.45 దగ్గర వస్తుంది.

ప్రయోగం అవగానే ప్రోబ్ కదపకుండా మళ్లీ కాలిబ్రేట్ చేయండి. అలసిపోయి ఉంటారు, ఆకలేస్తుంది, అయినా చేయండి. ఉష్ణోగ్రత సవరణ తర్వాత కూడా ముందటి, తర్వాతి కాలిబ్రేషన్ వక్రాల మధ్య 1 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ రోజు కొలతలు నేను వాడను. అప్పుడు ప్రోబ్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. ఒకసారి నా వైర్‌కి సన్నటి దూది పోగు చుట్టుకుని ఉంది.