పిల్లల కంటి ఓ.సి.టి. చదవడం, 5వ పాఠం: వాపు దిగుతున్నప్పుడు కనిపించే అంకె

ఓ.సి.టి. అంటే కంటి వెనుక గోడకు ఉన్న చూపు పొర, అంటే రెటీనా, మందాన్ని కాంతితో కొలిచే స్కాన్. నాలుగవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన సమాధానాలలో ఎక్కువ భాగం ఒకే చోట జారాయి. ఆ జారుడు చిన్నది కాదు, దాని ఫలితం ఒక బిడ్డ చూపు మీద పడుతుంది. అందుచేత ఈసారి మొదలుపెట్టవలసిన దృష్టి క్షేత్ర పరీక్షను వచ్చే పాఠానికి జరిపి, ఈ పాఠమంతా ఆ ఒక్క చోటనే నిలబడి మాట్లాడతాను.

అభ్యాసంలోని పాపకు 9 ఏళ్లు, కుడి కంటికి ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటి నుంచి మెదడుకు చూపును మోసే నాడిలో మంట. పాఠం కోసం నేను కూర్చిన అంకెలు మళ్ళీ ఇస్తున్నాను. 5వ రోజున డిస్క్ (నాడి కంటి నుంచి బయటికి వెళ్ళే చోటు) చుట్టూ నాడీతంతు పొర సగటు మందం కుడి కంట 182 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎడమ కంట 104, కుడి కంటి చూపు 6/60 (పూర్తి చూపు 6/6). 6వ వారంలో కుడి 101, ఎడమ 104, చూపు 6/9. ఆరవ వారం కాగితం చూసి తల్లిదండ్రులకు ఏం చెబుతారని అడిగాను. వాపు తగ్గి నాడి మామూలు స్థితికి వచ్చిందని, యంత్రం కూడా మామూలే అన్నట్టు ఆకుపచ్చ రంగు చూపుతోందని, ఇక దిగులు పడవలసిన పని లేదని చాలామంది రాశారు. ఇప్పుడు ఆరవ నెల అంకె చెబుతున్నాను: కుడి కన్ను 70, ఎడమ కన్ను 104.

ఆరవ వారంలో కనిపించిన 101 ఆరోగ్యం కాదు. అరకు కొండ దిగుతున్న రైలును బొర్రా గుహల స్టేషనులో ఫొటో తీసి, రైలు అక్కడే ఆగిపోయిందని చెప్పడం ఎలా ఉంటుందో, ఆ 101ని చూసి నాడి కోలుకుందని చెప్పడం అలా ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే నాడీతంతువు చుట్టూ ఉండే కొవ్వు తొడుగు, అంటే మైలిన్, రెటీనాలో ఉండదనే సంగతి దగ్గర మొదలుపెట్టాలి. రెటీనాలోని గ్యాంగ్లియాన్ అనే నాడీకణాల నుంచి బయలుదేరే తంతువులు రెటీనా మీదుగా తొడుగు లేకుండానే పారి, డిస్క్ గుండా వెనక్కి వెళ్ళి, లామినా క్రిబ్రోసా అనే జల్లెడలాంటి పొర దాటిన తర్వాతే మైలిన్ తొడుగు ధరిస్తాయి. కొద్దిమంది కళ్ళలో డిస్క్ పక్కన తెల్లని ఈకలాంటి మచ్చగా మైలిన్ కనిపించడం పుట్టుకతో వచ్చిన తేడా. దాన్ని ఈ జబ్బులతో కలపకండి. కాబట్టి మైలిన్‌ను దెబ్బతీసే జబ్బు దాడి చేసేది కంటి వెనుక నాడిలో. అక్కడి మంటలో మైలిన్ ఊడిపోవడమే కాక కొన్ని తంతువులు తెగిపోతాయి. తెగిన తంతువు తెగిన చోటు నుంచి కంటి వైపుకు వెనక్కి చచ్చుబడుతూ వచ్చి, చివరికి రెటీనాలోని తన కణాన్ని కూడా చంపుతుంది. ఈ వెనుక నడకకు వారాలు, నెలలు పడతాయి. ఓ.సి.టి.లో మనం చూసేది మైలిన్ పోవడాన్ని కాదు. మైలిన్ పోయిన చోట తెగిపోయిన తంతువుల లెక్కను. మైలిన్ పోయిన సంగతి నేరుగా తెలియాలంటే చూపు సంకేతం మెదడుకు ఎంత వేగంగా చేరుతుందో కొలిచే వి.ఇ.పి. పరీక్షలో పి-100 అనే అల ఆలస్యమైందేమో చూడాలి.

ఇక అసలు ఉచ్చు. తొలి వారాల్లో డిస్క్ చుట్టూ పొర మీద రెండు పనులు ఒకేసారి, ఎదురెదురు దిక్కుల్లో జరుగుతుంటాయి: వాపు మందాన్ని పెంచుతుంది, చచ్చుబాటు తగ్గిస్తుంది. యంత్రం ఈ రెంటినీ విడదీయలేదు, మొత్తాన్ని మాత్రమే కొలుస్తుంది. వాపు దిగిపోతూ, నష్టం పెరుగుతూ ఉన్నప్పుడు ఏదో ఒక రోజున ఆ మొత్తం తప్పనిసరిగా సాధారణ అంకెను దాటాలి. ఆ రోజున తీసిన ఓ.సి.టి. ఎంత చక్కగా కనిపించినా దానికి అర్థం లేదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చాలదని నా అభిప్రాయం, కనుక మరో రెండు ఉదాహరణలు.

14 ఏళ్ల అబ్బాయి, మంట నాడి వెనుక భాగంలో ఉంది, డిస్క్ వాచలేదు. మొదటి వారంలో రెండు కళ్ళ డిస్క్ పొర అంకెలు 100, 102. ఇక్కడ కాగితం మామూలుగా ఉండటానికి కారణం వేరు: నష్టం ఇంకా కంటిదాకా నడిచి రాలేదు. చూపు మసకగా ఉండి, నల్లపాప వెలుతురుకు సరిగా ముడుచుకోకపోతే, కాగితం బాగుందని ఆ బిడ్డను వెనక్కి పంపకూడదు. మరొక బిడ్డకు మొదటిసారి 182 బదులు 120 వచ్చిందనుకోండి. వాపు కొద్దిగానే ఉందని సంతోషించేవారు ఉంటారు. కానీ ఆ కంటికి ఏడాది కిందట ఎవరూ గుర్తించని దాడి ఒకటి జరిగి పొర 80కి దిగి ఉంటే, ఈ 120లో 40 మైక్రాన్ల వాపు ఉన్నట్టే.

ఈ చిక్కును విప్పేది గ్యాంగ్లియాన్ కణాల పొర. మాక్యులాలోని, అంటే రెటీనా నడిమి భాగంలోని, ఈ పొర డిస్క్ పొరలాగా వాచదు, కాబట్టి నష్టాన్ని ముందుగా, దాపరికం లేకుండా చెబుతుంది. చాలా సందర్భాల్లో మొదటి రెండు నెలల్లోనే పలుచబాటు తెలుస్తుంది. మన పాపకు 5వ రోజున ఇది కుడి 83, ఎడమ 84. 6వ వారంలో కుడి 71, ఎడమ 84. ఆరవ నెలలో కుడి 67. ఆ అంకెలు కాగితం రెండో పుటలోనే ఉన్నాయి, కొద్దిమందే పుట తిప్పారు. నేను మొదటి మూడు నెలల్లో రెండో పుటనే ముందు చదువుతాను; డిస్క్ పొరను ఆరవ నెలలో నమ్ముతాను. డిస్క్ మరీ వాచి మాక్యులా వైపు ద్రవం చేరితే మాత్రం యంత్రం గీసే సరిహద్దు గీతలు తప్పుతాయి. అందుకే అంకె చూడకముందు నలుపు తెలుపు అడ్డుకోత చిత్రంలో ఆ గీతలు సరైన పొరల మీద పడ్డాయో లేదో చూడాలి.

రంగుల సంగతి. చాలా యంత్రాలలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులకు ఆధారం 18 ఏళ్లు నిండినవారి కొలతలు. 9 ఏళ్ల పాపను వాటితో పోల్చడమే సరికాదు. పైగా హ్రస్వదృష్టితో పొడవుగా పెరిగిన కంట పొర ఉన్నదానికంటే పలుచగా, దూరదృష్టి ఉన్న పొట్టి కంట మందంగా కొలవబడుతుంది. ఒక చిన్న కాగితపు ముక్కతో రంగుల పట్టీని మూసి చదవడం నా అలవాటు, మీరూ చేసుకోండి. ఒక కంటికే జబ్బు ఉన్నప్పుడు రెండో కన్నే ఆ బిడ్డకు సరైన కొలమానం. మెదడు, వెన్నుపాములలో మైలిన్ దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు మీద పెద్దలలో జరిగిన అధ్యయనాలలో రెండు కళ్ళ మధ్య నాడీతంతు పొరలో 5, 6 మైక్రాన్లు, గ్యాంగ్లియాన్ పొరలో 4 మైక్రాన్లు తేడా ఉంటే పాత దాడికి సూచనగా తీసుకున్నారు. పిల్లల దగ్గర దీన్ని దారి చూపడానికి వాడండి, తీర్పు చెప్పడానికి కాదు.

కాగితాలన్నీ ఒకే రకం యంత్రం మీద తీసినవై ఉండాలి. పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చే కుటుంబం ఒకసారి సిర్రస్ మీద, మరోసారి స్పెక్ట్రాలిస్ మీద పరీక్ష చేయించుకుని వస్తే, ఆ రెండు అంకెలను తీసివేతకు వాడకూడదు. విశాఖపట్నంలో పిల్లల వైద్యుడు ఒకచోట, కంటి వైద్యుడు మరోచోట ఉండి బిడ్డ ఫైలు రెండు చోట్లా తిరుగుతుంది కనుక, ప్రతి కాగితం పైన జబ్బు మొదలైన నాటి నుంచి ఎన్నో వారమో పెన్నుతో రాయండి. పరీక్ష తేదీ ఒక్కటే చాలదు.

చూపు 6/6కి వస్తే చాలు కదా అని కొందరు అడిగారు. పిల్లలలో, ముఖ్యంగా మైలిన్ మీది మాగ్ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా ఒంట్లో తయారయ్యే మాగ్ యాంటీబాడీ ఉన్న పిల్లలలో, పొర బాగా పలుచబడినా అక్షరాల చూపు 6/6కి తిరిగి రావడం తరచుగా జరిగేదే. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ ఉన్నవారిలో అంత కోలుకోవడం ఉండదు. ఆ జబ్బులో గురి మైలిన్ కాదు, నాడీకణాలకు తోడుగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలు. రెండూ వేర్వేరు పాఠాలు కాబట్టి ఇక్కడ ఆపుతాను. 6/6 చదివిన బిడ్డ కూడా లేత బూడిద రంగు అక్షరాల పట్టికలో, అంటే 2.5 శాతం కాంట్రాస్ట్ పట్టికలో, తడబడవచ్చు. సగం చెరిగిన బోర్డు మీద సుద్దరాత కనిపించడం లేదని ఆ బిడ్డ టీచరుకు చెప్పలేదు, ఎందుకంటే రెండో కన్ను పని నడిపిస్తోంది. ఒక్కో కన్ను మూసి పరీక్షించనిదే ఇది బయటపడదు.

మన ఊరి ఎండాకాలానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మే నెల ఉక్కలో బీచ్ ఇసుకలో క్రికెట్ ఆడి వచ్చిన పిల్లవాడు పాత కన్ను మసకబారిందంటే, అది చాలాసార్లు 1890లో జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ వర్ణించిన లక్షణం: ఒంటి వేడి పెరిగినప్పుడు మైలిన్ తగ్గిన తంతువులో సంకేతం తాత్కాలికంగా ఆగిపోతుంది. నీడన కూర్చుని ఒళ్ళు చల్లబడితే చూపు తేరుకుంటుంది. చల్లబడ్డాక కూడా తేరుకోకపోయినా, కన్ను కదిపితే నొప్పి ఉన్నా అది కొత్త దాడి అనుకుని అదే రోజు పరీక్షించాలి. తల్లిదండ్రులకు ఈ తేడాను కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా వదలకండి.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. గ్రాఫు కాగితం మీద చేత్తో గీయాలి: అడ్డంగా వారాలు, నిలువుగా మైక్రాన్లు, రెండు కళ్ళకు రెండు పొరలు, మొత్తం నాలుగు గీతలు. బాబుకు 7 ఏళ్లు, రెండు కళ్ళకూ జబ్బు, మాగ్ యాంటీబాడీ ఉంది. కాబట్టి పోల్చడానికి మంచి కన్ను లేదు. 3వ రోజు డిస్క్ పొర కుడి 236, ఎడమ 221. గ్యాంగ్లియాన్ పొర గీతలు తప్పినందున కొలవలేదు. 5వ వారం డిస్క్ పొర 128, 112. గ్యాంగ్లియాన్ 64, 68. 12వ వారం డిస్క్ పొర 74, 81; గ్యాంగ్లియాన్ 58, 63; చూపు రెండు కళ్ళా 6/6. 30వ వారం డిస్క్ పొర 91, 80. గ్యాంగ్లియాన్ 58, 63. చూపు 6/6, బాబు ఏమీ చెప్పడం లేదు. కుడి కంట 74 నుంచి 91కి పెరగడం మంచి వార్తా కాదా, ఆ రోజు ఏ ఏ పరీక్షలు ఏ వరుసలో చేస్తారు, ఇంటికి పంపవచ్చా అన్నది కారణాలతో రాయండి. 5వ వారం కాగితం ఒక్కటే ఉంటే ఏం చెప్పి ఉండేవారో వేరుగా, మొదటి సమాధానం రాయడానికి ముందే రాసి పెట్టుకోండి.